ఆడని నాటకానికి నలభై పంక్తుల పొగడ్త

ముందే ఒప్పుకుంటున్నాను, నేను పిల్లిని చూసి పులి అని రాసే రకం. మా ఆవిడ నా మాటల్లోంచి ముప్పాతిక వంతు తీసేసి మిగిలింది నమ్ముతుంది. మీరు సగం తీసేస్తే చాలు. అయితే ఒక ఆడపిల్ల భవిష్యత్తును నలభై పంక్తుల్లో ముంచబోయిన ఈ ఘోరం మాత్రం, ఎంత తీసేసినా ఘోరంగానే మిగులుతుంది.

తొంభైల చివర్లో నేను మేడ్చల్‌లో ఒక పత్రికకు విలేకరిని. రాసింది కవర్లో పెట్టి సాయంత్రం ఐదింటి బస్సు డ్రైవర్‌ చేతికిస్తే, పట్నంలో ఆఫీసువాళ్లు అందుకుని మర్నాడు అచ్చువేసేవారు. ఐదు దాటాక మేడ్చల్‌లో ఆకాశం ఊడిపడినా అది ఎల్లుండి వార్తే.

శామీర్‌పేట స్వరూప నాటకాలాడేది. నిండా ఇరవై లేవు గానీ, ముసలమ్మ వేషం కడితే ముందు వరుసవాళ్లు లేచి కుర్చీ ఇవ్వబోయేవారు. ఆమె నాటకాలు మూడు చూశాను, మూడింటినీ ఆకాశానికెత్తాను. చెరువులో చేపలు పట్టే ఆమె నాయిన నర్సింలు ఆ మూడు పేపరు ముక్కల్నీ గోడకు అంటించుకున్నాడు. అంతలో పట్నంలో నాటకం చదువుకు స్వరూపకు సీటొచ్చింది.

"నాలుగోది గూడ మంచిగ రాస్తే పంపిస్త" అన్నాడాయన. ఫారం మీద సంతకం అక్కడ ఆగింది.

నాలుగో నాటకం మేడ్చల్ బడి మైదానంలో, ఆరున్నరకు. బస్సేమో ఐదింటికి. ఇక్కడే నా బుర్ర తళుక్కుమంది. రిహార్సల్ చూశాను కదా, ఇంకా చూసేదేముంది? నాలుగింటికే కూర్చుని దంచేశాను: "తప్పిపోయిన కొడుకు ఎదుట నిలిచిన తల్లిగా స్వరూప ఒక కంట కన్నీరు, మరో కంట చిరునవ్వు ఒలికించగా ప్రేక్షకులందరి కళ్లూ చెమర్చాయి."

కవరు బస్సెక్కింది. నేను ఇల్లు చేరాను. వాన మొదలైంది. వానంటే ఎలాంటి వాన, శామీర్‌పేట చెరువును ఎవరో పైకెత్తి మేడ్చల్ మీద బోర్లించినట్టు. అరుగు మీద కూర్చుని మిరపకాయ బజ్జీలు తిన్నాను. మూడో బజ్జీ కొరికాక గుర్తొచ్చింది, బడి మైదానానికి పైకప్పు లేదని.

మర్నాడు పొద్దున్నే శామీర్‌పేటకు పరుగెత్తాను. పత్రిక నాకన్నా ముందే చేరింది. నర్సింలు వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు.

"రా సారూ. నిన్న నాటకం మస్తుగ అయిందంట గద."

"అన్నా, అదీ..."

"నేను గూడ వచ్చిన. షామియానా కూలి నా నెత్తి మీదనే వడ్డది. జనం కండ్లల్ల నీళ్లు నిజమే. నెత్తి మీదికెల్లి కారినయ్."

"తప్పయింది నర్సింలన్నా. బస్సు ఐదు గంటలకే పోతది గద..."

"గా మూడు గూడ గిట్లనే రాసినవా?" ఆయన లేచి గోడ మీది మొదటి ముక్కను గోటితో గీకడం మొదలుపెట్టాడు.

"అవి సూసే రాసిన. ఒట్టు."

"నీ ఒట్టు గూడ ఐదు గంటల బస్సుకే పంపినవా?"

స్వరూప లోపలి నుంచి వచ్చింది. నన్ను చూసిన చూపుకు చెరువులో చేపలన్నీ అక్కడికక్కడే పులుసైపోయి ఉంటాయి.

"ఆగు నాయినా. సారు ఏం రాసిన్రో అదే చేస్త. మంచిగ లేకుంటే నాలుగూ చింపు." నావైపు తిరిగింది. "ఏ కంట్లె నీళ్లు రావాలె సార్?"

"ఎడమ కంట్లె" అన్నాను, నేల చూస్తూ.

వలను లాక్కుని కొంగులా నెత్తిన కప్పుకుంది. నడుము వంగిపోయింది. వణికే చెయ్యి నర్సింలు చెంపకు ఆనించి, జన్మంతా ఎదురుచూసి అలసిన గొంతుతో అడిగింది.

"అన్నం తిన్నవా బిడ్డా?"

"లేదమ్మా" అన్నాడు నర్సింలు.

అన్నాక గానీ ఏమన్నాడో ఆయనకే తెలియలేదు. తువ్వాలుతో కళ్లు తుడుచుకుని, ఫారం తెప్పించి, మోకాలి మీద పెట్టుకుని సంతకం చేశాడు. నాకు ఈల వేయాలనిపించింది.

"రేపే గీ సంగతి పేపర్ల రాస్త అన్నా."

"రాయి సారూ. గని పిల్ల పట్నం వొయ్యి, చదువు అయిపొయ్యి, తిరిగొచ్చినంక రాయి."

అందుకే ఇన్నేళ్లాగి ఇప్పుడు రాస్తున్నాను. ఆ నాడే ప్రతిన పూనాను: తెర పడి, కుర్చీలు మడిచి, షామియానా గుంజలు బండికెత్తి, ఆ బండి నా కళ్లముందే కదిలేదాకా ఏ నాటకాన్నీ పొగడను.

ఇక ఇందులో నేను కల్పించింది ఒక్కటే. తువ్వాలు నర్సింలుదే. దాంతో తుడుచుకున్న కళ్లు మాత్రం నావి.