గుడ్ ఫ్రైడే నాడు తెరిచిన టిఫిన్ బాక్సులు

2024 మార్చి. రాజంపేటలో నేను పనిచేసే ఆసుపత్రి చిన్నదే, షుగర్ డాక్టరుగారి వల్ల జనం మాత్రం ఎక్కువ. నా ఉద్యోగాన్ని డయాబెటిస్ ఎడ్యుకేటర్ అంటారు. పేరుకు పెద్దదే గానీ పని మామూలుదే. ఇన్సులిన్ ఎట్లా వేసుకోవాలో, ఏం తినాలో, ఎప్పుడు తినాలో రోగులకు నేర్పడం, నేర్పింది చెయ్యకపోతే చీవాట్లు పెట్టడం. చీవాట్లలో నాకు ఊళ్ళో మంచి పేరే ఉంది.

ఆ నెలలో ఒక శుక్రవారం మధ్యాహ్నం మంగంపేట దగ్గరి పల్లె నుంచి కెజియా అనే అమ్మాయిని ఆటోలో తెచ్చారు. తొమ్మిదో తరగతి చదువుతోంది. తండ్రి ముగ్గురాయి మిల్లులో పని మధ్యలోంచి పరుగెత్తుకొచ్చినట్టున్నాడు, చొక్కా నిండా తెల్లటి పొడి. పిల్ల రొప్పుతూ లోతుగా ఊపిరి తీస్తోంది. నోటి దగ్గర మగ్గిన పండు వాసన. ఆ వాసన ఒకసారి తెలిసినవాళ్ళు మరిచిపోరు, మేము దాన్ని డీకేఏ అంటాం. కెజియాది టైప్ వన్ షుగర్, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారే కాదు. సూదితో అందించకపోతే ఒళ్ళు తన కొవ్వునే కరిగించుకుంటుంది, అందులోంచి కీటోన్లనే ఆమ్లాలు పుట్టి రక్తాన్ని విషం చేస్తాయి.

"సూది ఎప్పుడేశారు?" అని వాళ్ళమ్మ సుగుణమ్మను అడిగాను.

"నిన్న పొద్దట్నుంచి ఏసుకోల్యా నర్సమ్మా. ఉపాసముండాది గదా. తిననప్పుడు సూదెందుకనుకున్నాం."

తిన్నా తినకపోయినా ఎంతో కొంత ఇన్సులిన్ కావాల్సిందేనన్న సంగతి చాలామందికి తెలియదు. సుగుణమ్మ మీద కోపం తెచ్చుకోలేకపోయాను. నేనూ ఏళ్ళ తరబడి శనివారాలు ఒక్కపొద్దు ఉంటున్నదాన్ని, రాత్రి దాకా మెతుకు ముట్టను. ఉపవాసం మీద మనిషికుండే పట్టుదల నాకు కొత్త కాదు.

సెలైన్లు, ఇన్సులిన్ పంపు పెట్టాక పిల్ల తేరుకుంది. డాక్టరుగారు తల్లిదండ్రులను పిలిచి, "ఈసారి దక్కింది. మళ్ళీ ఇట్లా తెస్తే దక్కుతుందని నేను మాటివ్వలేను" అన్నారు.

మర్నాడు మంచం పక్కన కూర్చుని అసలు సంగతి అడిగాను. వాళ్ళ చర్చిలో ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలంలో యౌవనస్థులంతా, అంటే కెజియా ఈడు పిల్లలు, శుక్రవారాలు ఉపవాసముండి కలిసి ప్రార్థన చేస్తారట. ఈసారి గురువారం కూడా కలిపారు. కెజియాకు షుగరున్నట్టు వాళ్ళెవరికీ తెలియదు.

"ఎందుకు చెప్పలేదు పాపా?"

"చెప్తే జబ్బు చేసినోళ్ళతో కలిపి నా పేరు ప్రార్థన మనవుల్లో సదువుతారు మేడం. వారం వారం అందరూ నా తట్టు జాలిగా సూస్తారు. అదీగాక, అందరూ కడుపు మాడ్చుకొని కూసుంటే నేనొక్కదాన్నే యాడికోబోయి తినల్ల?"

"గుడ్ ఫ్రైడేకి ఏం చేస్తావు మరి?"

పిల్ల మొహం గోడవైపు తిప్పుకుంది. ఆ రోజూ సూది మానేస్తుందని నాకు అర్థమైంది. గుడ్ ఫ్రైడే నాడు పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన. యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలను మాటకొకరు లేచి వివరిస్తారు, ఊరంతా ఉపవాసం. ఐదోది దాహం గురించిన మాట. దాన్ని ఈసారి కెజియా చెప్పాలి. మీ చర్చివాళ్ళకు నేను చెప్తానంటే ఏడ్చేసింది. రోగి ఒప్పుకోకుండా బయట చెప్పే హక్కు నాకు లేదు. నోరు మూసుకోవాల్సి వచ్చింది, అది నాకెంత కష్టమో మా వార్డులో ఎవరినడిగినా చెప్తారు.

డిశ్చార్జి రోజు చర్చి పిల్లలు గుంపుగా వచ్చారు. ముందు నిలబడింది షారోన్, ఇంటర్ చదివే బక్కపల్చటి పిల్ల, వాళ్ళకు లీడరు. సరిగ్గా సూది వేళ. "కాసేపాగి వేద్దామా?" అని నెమ్మదిగా అడిగాను. కెజియా వాళ్ళవైపు చూసింది, నావైపు చూసింది, ఇన్సులిన్ పెన్ను తీసుకొని అందరి ముందే చేతికి వేసుకుంది.

"నాకు షుగరుండాది. దినామూ ఏసుకోవల్ల. మీకు చెప్పల్యా నేను" అంది.

ప్రార్థన చేస్తాం, సూది మానెయ్ అంటారేమోనని భయం. రకరకాల దేవుళ్ళ పేరు మీద సూది మాన్పించినవాళ్ళను చూసి ఉన్నాను. వాళ్ళకేం జవాబు చెప్పాలో నాలుక చివర సిద్ధం చేసుకున్నాను కూడా.

షారోన్ నావైపు తిరిగి, "మేడం, మధ్యాన్నం ఈమె ఎన్నింటికి తినల్ల?" అని అడిగింది.

"ఒంటిగంటకి."

"ఏం తినల్ల?"

రెండు రొట్టెలు, పప్పు, కూర అని చెప్పాను. బుద్ధిగా తలూపి, "గుడ్ ఫ్రైడే నాడు మీరు మా చర్చికి రండి మేడం. మీరుంటే మాకు ధైర్యంగా ఉంటాది" అంది.

వెళ్ళాను. హ్యాండ్‌బ్యాగులో గ్లూకోజు ప్యాకెట్టు, గ్లూకోమీటరు పెట్టుకొని మరీ వెళ్ళాను. రేకుల కప్పు కింద వేడి కుమ్ముతోంది. చాపల మీద జనం కిక్కిరిసి ఉన్నారు, పిల్లలంతా ముందు వరసలో. రెండో మాట ముగిసి పాట అందుకునే వేళకు ఒంటిగంటయింది. కెజియా సూది వేసుకుంది. లేచి ఏ పక్క గదిలోకో పోతుందనుకున్నాను. షారోన్ ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టి, తన సంచిలోంచి టిఫిన్ బాక్సు తీసింది. ఆ వరసలో ఉన్న పిల్లలందరూ తీశారు. అన్నింట్లోనూ రొట్టెలు, పప్పే. అంత ఉపవాసం మధ్య, అందరి కళ్ళ ముందు, తలొంచుకొని తినసాగారు.

పాట సన్నగిల్లింది. నా ముందు కూర్చున్న దీనమ్మ అనే ముసలావిడ, "ఈ పొద్దు కూడా ఆగల్యాక పోయినారే" అని గొణిగింది. షారోన్ చెవిన పడినట్టుంది. ముఖం ఎర్రబడింది, అయినా లేచి నిలబడింది.

"అవ్వా, ఉపాసముండేది మాకు అలవాటే. అందరూ ఉపాసమున్నప్పుడు తినేదే కష్టం. కెజియా బతకల్లంటే ఆ కష్టం పడాల్సిందే. ఆయమ్మొక్కతే పడకూడదని మేమూ తింటాండాం. ఈ పొద్దు మా ఉపాసం ఇదే."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎన్ని చార్టులు గోడకు అంటించానో, ఎన్ని గంటలు ఉపన్యాసాలిచ్చానో. ఈ పిల్లలు రెండు రొట్టెలతో చేసినదాని ముందు అవన్నీ ఎంత చిన్నవో ఆ చాప మీద కూర్చుని చూశాను. పాస్టరుగారు ఏమంటారోనని అందరూ ఆయనవైపు తిరిగారు. ఆయన మూడో మాట మొదలుపెట్టించకుండా, చేతులు కట్టుకొని, పిల్లలు తినడం అయ్యేదాకా నిలబడ్డారు.

దీనమ్మ చాప మీద మెల్లగా ముందుకు జరిగి షారోన్ ముందు చెయ్యి చాపింది. "నేనూ పొద్దున షుగరు మాత్ర ఏసుకొనే వచ్చినా పాపా. కండ్లు తిరుగుతాండాయి. ఇంత ముక్క నాకూ పెట్టు."

గబుక్కున వెళ్ళి వేలికి గుచ్చి చూశాను. షుగర్ బాగా పడిపోయి ఉంది, ఇంకాసేపయితే ఆమె స్పృహ తప్పేదే. గ్లూకోజు నోట్లో పోశాను, షారోన్ రొట్టె తుంచి తినిపించింది. కెజియా తన బాక్సులోని పప్పు ఆమె దగ్గరికి జరిపింది.

ఐదో మాటకు కెజియా లేచింది. ఎక్కువ చెప్పలేదు. "షుగరొచ్చిన కొత్తల్లో బిందెడు నీళ్ళు తాగినా నాకు దాహం తీరేది గాదు. అందుకే ఆయన దాహం నాకు కొంచెం తెలుసు. ఆయన అడిగినప్పుడు గుక్కెడు మంచినీళ్ళు ఇచ్చేవాళ్ళు పక్కన ల్యాకపోయిరి. నాకు వీళ్ళుండారు" అని కూర్చుంది. నా కన్నీళ్ళు ఆగలేదు, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

కెజియా ఇప్పుడు ఇంటర్‌లో ఉంది. మళ్ళీ డీకేఏతో మా దగ్గరికి రాలేదు. నేను మాత్రం కొత్తగా వచ్చే టైప్ వన్ పిల్లలకు అన్నీ నేర్పాక, ఒక మాట తప్పకుండా అడుగుతున్నాను: "తినేటప్పుడు నీ పక్కన ఎవరు కూర్చుంటారు?"

ఈమధ్య ఒక ఆరో తరగతి పిల్ల ఆ ప్రశ్నకు తల అడ్డంగా ఊపింది. సూది వేసి ప్లేటు ముందు పెడితే, అందరూ చూస్తుంటే తిననని మొండికేసింది. క్యాంటీన్ నుంచి ఇంకో ప్లేటు తెప్పించి, ఆమె పక్కన కూర్చుని, ముందుగా నేనే ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. నన్ను చూసి ఆ పిల్లా ముద్ద కలిపింది.

ఆ రోజు శనివారం.