లైను లేని ఫోనులో అక్క మాట

దయ్యాలు, ఆత్మలు, గాలి సోకడం లాంటివి నేను ఎప్పుడూ నమ్మలేదు. మెదక్‌లో నాకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన బోరు మోటార్లు విప్పి, పాత తీగ తీసేసి కొత్త తీగ చుట్టడం నా పని. తీగ తెగితే కరెంటు పారదు. కరెంటు పారకపోతే మోటారు తిరగదు. ఇన్నేళ్లుగా ఈ ఒక్క సంగతి నమ్ముకునే బతుకుతున్నాను.

నిజానికి ఇది దయ్యం కథ కూడా కాదు. ఇందులో చనిపోయినవాళ్లు ఎవరూ లేరు. మా అక్క బతికే ఉంది. నేనిది రాస్తుంటే ముందు గదిలో కూర్చుని బత్తాయి తొనలు తింటోంది.

అక్క పేరు కరుణ. నాకంటే చాలా పెద్దది. అమ్మ పోయేనాటికి నేనింకా బడికి కూడా పోవడం లేదు. అక్క అప్పుడే నర్సు శిక్షణ ముగించి, ఊళ్లో ఒక కాన్పుల దవాఖానాలో చేరింది. సంబంధాలు వచ్చినా పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే నన్ను చూపించి, "వీన్ని ఎవలకిచ్చి పోవాలె?" అని నవ్వేది. నన్ను పెంచింది, చర్చిలో నా పెళ్లి చేసింది, షాపు పెట్టించింది. నా భార్య సులోచన వచ్చాక కూడా ఇంటికి పెద్ద అక్కే.

కాన్పులు చెప్పి రావు కదా. అందుకని మా వీధిలో అందరికంటే ముందు అక్కే ఫోను పెట్టించుకుంది. ముందు గదిలో కిటికీ పక్కన చిన్న బల్ల, దానిమీద ఫోను, పక్కన అక్క కుర్చీ. రేగోడ్, నిజాంపేట వైపు ఊళ్లలో ఎంతోమందికి ఆ నంబరు నోటికి వచ్చేది. ఆమె రిటైరైన తర్వాత కూడా ఫోన్లు ఆగలేదు. "సిస్టరమ్మా, నొప్పులు మొదలైనయి", "సిస్టరమ్మా, పొట్టల పిల్ల కదులుతలేదు" అని చేసేవాళ్లు. అక్క గొంతు పెంచేది కాదు. అడగాల్సినవి అడిగి, ఏం చేయాలో చెప్పేది. ఆ మాట వింటే అవతలివాళ్లకు సగం భయం తగ్గేది.

రెండేళ్ల కిందట అక్కకు పక్షవాతం వచ్చింది. కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. కాలు కొంత తిరిగి వచ్చింది. గోడ పట్టుకుని నడుస్తుంది. మాట మాత్రం రాలేదు. మనం చెప్పేదంతా అర్థమవుతుందనీ, తిరిగి చెప్పే మాట మాత్రం మెదడులో తయారుకాదనీ డాక్టరు చెప్పాడు. ఒకే ఒక్క మాట మిగిలింది: "గదే". ఆకలైనా గదే, నొప్పి పుట్టినా గదే, కూరలో ఉప్పు తక్కువైనా గదే. ఏ గదేకు ఏమర్థమో గొంతును బట్టి సులోచనా నేనూ పట్టుకోవడం నేర్చుకున్నాం.

మాట పోయాక కూడా అక్క ఫోనును వదల్లేదు. పొద్దున ప్రార్థన కాగానే ఆ కుర్చీలో కూర్చుని, ఎడమ చేత్తో రిసీవరు ఎత్తి చెవికి పెట్టుకునేది. లోపలి నుంచి వచ్చే శబ్దం కాసేపు విని మళ్లీ పెట్టేసేది. లైను బాగుందో లేదో చూసుకోవడం పాత అలవాటు.

పోయిన క్రిస్మస్ తర్వాత మా వీధిలో మురికినీటి మోరీ కోసం రోడ్డు తవ్వారు. ఆ తవ్వకంలో ఫోను మూగబోయింది. ఫిర్యాదు చేస్తే కొన్నాళ్లకు ఒక లైన్‌మన్ వచ్చి గోడ మీద డబ్బా విప్పి చూశాడు.

"గీ రాగి లైను ఇగ రాదన్నా. అందరు ఇంటర్నెట్ ఫోన్‌కే మారుతున్నరు. మీరు గూడ ఏసుకోండ్రి. నంబరు మారది" అన్నాడు.

నేను అడిగాను. కొత్తది గాజు తీగ మీద నడుస్తుందట. ఇంట్లో ఒక డబ్బా పెట్టాలి, దానికి కరెంటు ఉండాలి. పాత ఫోనుకు ఇంటి కరెంటుతో పనిలేదు. ఊరంతా చీకటైనా అది మోగేది. కొత్తది కరెంటు పోతే ఆగిపోతుంది, బ్యాటరీ పెట్టుకుంటేనే నడుస్తుంది.

నేను, సులోచన ఈ సంగతి చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఇద్దరికీ సెల్‌ఫోన్లు ఉన్నాయి. ఇంటి ఫోనుకు వచ్చే కాల్స్ ఎప్పుడో తగ్గిపోయాయి. ఒకవేళ వచ్చినా అక్క మాట్లాడలేదు. అలాంటప్పుడు కొత్త లైను ఎవరి కోసం? మొత్తంగా తీసేద్దామని నేనన్నాను.

సులోచన ఒప్పుకోలేదు. "వదినె దినాం చెవుల పెట్టుకుంటది గద. గంతమాత్రం ఉండనీయి" అంది.

"అండ్ల ఏమొస్తుందని? లైనే లేకపాయె."

"నీకు రాకుంటే ఆమెకు రాదా?" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. కోపంలో అన్న మాటే తప్ప అందులో వేరే అర్థమేమీ లేదు.

నేను షాపు నుంచి మీటరు తెచ్చి పరీక్షించాను కూడా. ఫోను పెట్టేసి ఉన్నా దాని తీగలో ఎప్పుడూ కొంత కరెంటు ఉంటుంది. మీటరు పెడితే ఏమీ చూపించలేదు. లైను పూర్తిగా చచ్చిపోయింది. సరేనని గోడ దగ్గర వైరు ఊడదీయబోతే అక్క లేచి వచ్చి, ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకుంది. ఆ చేతిలో అంత బలముందని నాకు తెలియదు. వదిలేశాను. తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

గుడ్ ఫ్రైడేకు ముందు రోజు నేను నర్సాపూర్ వెళ్లాను. అక్కడ ఒక రైస్‌మిల్లులో మోటారు కాలిపోయి, ఉన్నట్టుండి పిలిచారు. సాయంత్రం ఇంటికి వస్తే అక్క పడుకుని ఉంది. ఆ వేళప్పుడు ఆమె ఎన్నడూ పడుకోదు. ఏమైందని సులోచనను అడిగాను.

"పొద్దుగాల్ల మిక్సీ బంద్ జేసి ఇటొచ్చిన. వదినె ఫోన్ చెవుల పెట్టుకొని కూసున్నది. ముఖమంత చెమట. బీపీ పెరిగిందేమోనని నీళ్లు తాపించి పండవెట్టిన. అప్పటిసంది పండుకునే ఉన్నది."

బీపీ చూపించాం. మామూలుగానే ఉంది. ఎండాకాలం కదా అనుకుని మరిచిపోయాం.

కొన్ని వారాల తర్వాత ఆదివారం, మేము చర్చి నుంచి వచ్చి అన్నానికి కూర్చోబోతుంటే వాకిట్లో ఆటో ఆగింది. ఒక పెద్దావిడ, ఆమె వెనుక చంటిబిడ్డను ఎత్తుకున్న ఒక అమ్మాయి దిగారు. పెద్దావిడ పేరు సాయవ్వ. రేగోడ్ దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకునే మనిషి. ఆ అమ్మాయి ఆమె కూతురు రేణుక. రేణుక పుట్టింది అక్క చేతుల్లోనేనట.

"సిస్టరమ్మకు మొక్కి పోదామని వచ్చినం బిడ్డా. ఆ దినం ఆమె ఫోన్ల చెప్పకపోతే నా బిడ్డ నాకు దక్కకపోవు" అంది సాయవ్వ.

ఎప్పటి సంగతో చెబుతోంది అనుకున్నాను. కూర్చోమని, ఏమైందని అడిగాను.

రేణుకకు నెలలు నిండలేదు. పొద్దున లేచేసరికి తల పగిలిపోయేంత నొప్పి. ముఖం, కాళ్లు పొంగిపోయాయి. ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాపించారట. ఇంతలో కళ్ల ముందు అంతా మసకగా ఉందని రేణుక అంది. సాయవ్వ కంగారుగా అల్లుడి సెల్ తీసుకుని, ఏనాటి నుంచో గుర్తున్న మా నంబరుకు ఫోను చేసింది.

"రెండు పారీలు మోగంగనే సిస్టరమ్మ ఎత్తింది. 'ఎవలు, సాయినా?' అన్నది. నేనింక పేరే చెప్పలే బిడ్డా. ఏడుస్తుంటే, 'ఏడ్వకు, పిల్ల బెదురుతది. కండ్లు మసకబడుతున్నయా? ఎడమ దిక్కు పండవెట్టు. బస్సు కోసం సూడకు, ఏదన్న బండి పట్టుకొని సీదా పెద్ద దవాఖానకు రాండ్రి' అన్నది. గట్లనే వచ్చినం. జరంత ఆలస్యమైతే ఫిట్స్ వచ్చి తల్లీపిల్లా ఇద్దరు పోతుండిరని డాక్టరమ్మ చెప్పింది."

సులోచన నా వైపు చూసింది. నేను సాయవ్వకు మెల్లగా చెప్పాను. అక్కకు మాట పోయి రెండేళ్లయింది, ఫోను కూడా చాలా రోజులుగా పనిచేయడం లేదు, మీరు వేరే ఎవరికో చేసి ఉంటారు అని.

ఆమె ఒప్పుకోలేదు. నంబరు గడగడా చెప్పింది. అది మాదే. ఇప్పుడు చేయమన్నాను. రేణుక తన సెల్ నుంచి చేసి అందరికీ వినిపించింది. ఈ నంబరు పనిచేయడం లేదని రికార్డు చేసిన గొంతు చెప్పింది. మా బల్లమీది ఫోను కదలకుండా, మెదలకుండా ఉంది.

"అది ఏ రోజు?" అని అడిగాను.

"మరునాడు గుడ్ ఫ్రైడే సెలవు. పెద్ద డాక్టరమ్మ ఉంటదో లేదోనని భయపడుకుంట వచ్చినం. గందుకే యాదికున్నది" అంది రేణుక.

అప్పటికీ నేను నమ్మలేదు. ఏదో పొరపాటు కాల్, దయగల మరో నర్సు ఎవరో మాట్లాడి ఉంటుంది అనుకుంటున్నాను. అప్పుడు సాయవ్వ, ఏదో చిన్న సంగతి గుర్తొచ్చినట్టు, మామూలుగా అడిగింది.

"గా దాసు ఎవలు బిడ్డా? సిస్టరమ్మ ఫోన్ పెట్టేముందర, 'మా దాసు నర్సాపూర్ పోయిండు, లేకుంటె బండి పంపిస్తుంటి' అన్నది."

దాసు నేనే. ఆ ఇద్దరికీ అంతవరకు నా పేరు తెలియదు. ఆ రోజు నేను నర్సాపూర్ వెళ్లినట్టు ఇంట్లోవాళ్లకు, ఆ మిల్లువాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. సులోచన నా భుజం మీద చెయ్యి వేసింది.

మా మాటలు విని అక్క గోడ పట్టుకుంటూ లోపలి గదిలో నుంచి వచ్చింది. సాయవ్వ లేచి ఆమె కాళ్ల మీద పడబోతే ఎడమ చేత్తో ఆపింది. కుర్చీలో కూర్చున్నాక రేణుక బిడ్డను ఆమె ఒళ్లో పడుకోబెట్టింది. ఆడపిల్ల. చిన్నగా ఉంది కానీ చురుగ్గా చూస్తోంది. అక్క ఆ ఒక్క చేత్తోనే పిల్ల మాడు తడిమింది, అరికాళ్లు నిమిరింది, పొట్ట మీద అరచెయ్యి ఆనించి కాసేపు అట్లాగే ఉంచింది. కొన్ని వందల మంది పిల్లల్ని చూసిన చెయ్యి అది. తర్వాత రేణుకను వంగమని సైగ చేసి, ఆమె కింది రెప్పను లాగి కళ్లు చూసింది.

నేను నేల మీద అక్క దగ్గర కూర్చున్నాను.

"అక్కా, సాయవ్వతోని నువ్వే మాట్లాడినవా?"

అక్క నా ముఖంలోకి చూసింది. ఆమె కళ్లలో నీళ్లు ఉన్నాయి. "గదే" అంది.

ఆమె గొంతులోని ప్రతి గదే నాకు తెలుసు అనుకునేవాణ్ని. ఇది అవునో, కాదో, నాకూ తెలియదురా అనడమో నాకు అర్థం కాలేదు. సులోచనకూ అర్థం కాలేదు.

వాళ్లు మా ఇంట్లోనే తిని, సాయంత్రం బయలుదేరారు. ఆటో దాకా వెళ్లి సాయవ్వను ఒక పక్కకు పిలిచాను. అడగడానికి నాకే సిగ్గనిపించింది.

"అమ్మా, అక్క నా పేరు ఎట్లన్నదో ఇంకోపారి జెప్తవా?"

రెండేళ్లుగా అక్క నోట నా పేరు వినలేదు నేను. సాయవ్వకు నా సంగతి అర్థమైనట్టుంది. నా చెయ్యి పట్టుకుంది.

"ముద్దుగ అన్నది కొడుకా. చిన్న పోరన్ని పిలిసినట్టు అన్నది. మా దాసు అని."

మరునాడే టెలిఫోన్ ఆఫీసుకు వెళ్లి ఇంటర్నెట్ ఫోనుకు రాసిచ్చి వచ్చాను. నంబరు పాతదే ఉండాలని, ఫోను అదే బల్లమీద ఉండాలని, కరెంటు పోయినా ఆగకుండా బ్యాటరీ పెట్టాలని చెప్పాను. వచ్చిన పనివాళ్లు పాత వైరును తీసేస్తుంటే నేనూ దగ్గరే నిలబడ్డాను. గోడ దాటి మోరీ దాకా వచ్చిన వైరు అక్కడ తెగిపోయి ఉంది. రాగి కొసలు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. రెండో కొస మట్టిలో ఎక్కడ పూడుకుపోయిందో దొరకనే లేదు. ఆ తీగ తెగి చాలా నెలలైందని నా వృత్తి మీద ఒట్టు పెట్టి చెప్పగలను.

ఇదెట్లా జరిగిందని మా పాస్టరు గారిని అడిగితే ప్రార్థన చేసుకొమ్మన్నారు. అక్కను చూసే డాక్టరు, ఎంతో భావోద్వేగంలో ఒక్కోసారి మాట బయటపడవచ్చు గానీ అంత సేపు, అంత స్పష్టంగా కష్టమే అన్నాడు. మాట సంగతి ఆయన చెబుతాడు, మరి తీగ సంగతి ఎవరు చెబుతారు?

కొత్త ఫోను వచ్చాక అక్క మళ్లీ మాట్లాడలేదు. ఊళ్ల నుంచి ఎవరైనా చేస్తే సులోచన ఎత్తి, దవాఖానకు పొమ్మని చెబుతోంది. అయినా ఈ మధ్య ఆ ఫోను రోజూ ఒకసారి తప్పకుండా మోగుతోంది. మధ్యాహ్నం షాపులో టిఫిన్ డబ్బా విప్పేముందు నేనే చేస్తాను. అక్క ఎత్తుతుంది. ఏం తిన్నానో, ఎవరి మోటారు వచ్చిందో, ఎండ ఎట్లా ఉందో అన్నీ చెబుతాను. ఆమె ఊపిరి వినిపిస్తుంది, మధ్యలో ఆ ఒక్క మాట వినిపిస్తుంది. నేను చెప్పడం అయిపోయాక కూడా ఆమె పెట్టేయదు. నేనూ పెట్టేయను.