ఆనిస్తే చాలు

మా ఇంటి కింద పంచర్ షాపు ఉంది. తెల్లవారిందో లేదో అక్కడ ఎవరో ఒకరు లారీ కింద దూరి జాకీ తిప్పడం మొదలుపెడతారు. గ్రీజు లేని మర కిర్రు కిర్రుమంటుంది. ఆ చప్పుడు వినగానే కాఫీ గ్లాసు పక్కన పెట్టి నా ఎడమ కాలు వైపు చూసుకుంటాను. అది ఊగుతూనే ఉంటుంది. డెబ్బై ఏళ్లొచ్చినా దానికి బుద్ధి రాలేదు. కుదురుగా కూర్చోవడం నాకు పుట్టుకతోనే రాలేదు. ఆ సంగతి నా మొహం మీదే చెప్పినవాడు మాత్రం దానమన్న ఒక్కడే.

పందొమ్మిది వందల డెబ్బైల చివర నేను నంద్యాలలో ఒక కంటి ఆసుపత్రిలో నర్సుగా చేరాను. ఆసుపత్రికి ఒక పాత బస్సు ఉండేది. సీట్లు పీకేసి అందులో మంచం, మందుల బీరువా, చేతులు కడుక్కునే తొట్టి, మూలన స్టవ్వు అమర్చారు. ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెలకు బయలుదేరితే వారం రోజులు అదే మా ఆసుపత్రి, అదే మా ఇల్లు. దాన్ని నడిపేది యేసుదానం. అందరికీ దానమన్న. బండి మంచిదే గానీ, ఆపినా ఆగేది కాదు. వెనక మెట్టు మీద ఎవరు కాలు పెట్టినా అడుగునున్న కమాన్ పట్టీల స్ప్రింగుల మీద అటూ ఇటూ ఊగేది. డాక్టరమ్మ సూది పైకెత్తి, ఊపు తగ్గేదాకా పళ్లు బిగించి కూర్చునేది.

"ఎక్కేటోళ్లనేమి అంటాం డాక్టరమ్మా," అన్నాడు ఒకరోజు దానమన్న. "లోపల ఈ సిస్టరమ్మ ఒక్క గడియ నిలబడిందే లేదు. బండి సగం ఊగేది ఈమెతోనే."

నాకు ఒళ్లు మండింది. నిజం కాబట్టే ఇంకా మండింది.

తర్వాతి వారం ఆయన ఆళ్లగడ్డ లారీ షెడ్డులో రెండు పాత మర జాకీలు సంపాదించి, బండి అడుగున వెనక చక్రాలకు అవతల చెరొక వైపు వెల్డింగు చేయించాడు. నల్లరేగడిలో దిగబడకుండా కింద వేయడానికి రెండు తుమ్మ చెక్కలు కోయించాడు. బండి ఆపగానే జాకీలు దించడం, మర చెక్కకు తగిలాక అర తిప్పు తిప్పి వదిలేయడం. అంతే పని. ఆ అర తిప్పుతో బండి ఇంటి గోడలా నిలబడేది. నాకు మాత్రం అది చాలనిపించలేదు. అర తిప్పుకే ఇంత నిలకడ వస్తే పది తిప్పులు తిప్పితే ఎంత బాగుంటుంది!

శనగ నూర్పిళ్ల కాలంలో ఒక పల్లెకు వెళ్లాం. పుల్లమ్మ అనే కూలీ మనిషిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. చిన్నప్పుడు అమ్మవారు పోసి ఆమెకు ఒక కన్ను పోయింది. ఉన్న ఒక్క కంట్లో, నల్లగుడ్డు మీదే, శనగ పొట్టు గుచ్చుకుని ఉంది. రేపటికి చీము పడితే ఈ కన్నూ పోతుందని డాక్టరమ్మ చెప్పింది. బయట గాలీ దుమ్మూ. బండిలోనే తీయాలి.

దానమన్న నీళ్లకు వెళ్లాడు. ఆయన వచ్చేదాకా ఆగే ఓపిక నాకెక్కడిది? నేనే దిగి జాకీలు తిప్పాను. మర చెక్కకు తగిలినా ఆపలేదు. వెనక చక్రాలు నేల వదిలి లేస్తుంటే గర్వంగా ఉంది. హ్యాండ్ బ్రేకు పట్టేది ఆ వెనక చక్రాలనేనని నాకేం తెలుసు? బండి మెల్లగా ముందుకు కదిలింది. జాకీలు చెక్కల మీది నుంచి జారాయి. చక్రాలు దబ్బున నేల మీద పడ్డాయి. లోపల పుల్లమ్మ కేక పెట్టింది.

దానమన్న బిందె పడేసి పరుగెత్తుకొచ్చాడు. డాక్టరమ్మ కిటికీలోంచి, "ఎవరు తిప్పింది?" అని అరిచింది. ఆమె చేతిలో ఇంకా సూది లేదు. అదొక్కటే మా అదృష్టం.

"నేనే డాక్టరమ్మా. అంచనా తప్పింది," అన్నాడాయన. తర్వాత ముందు చక్రాలకు రాళ్లు పెట్టి, జాకీ రాడ్డు నా చేతికే ఇచ్చాడు. నేను వెనక్కి తగ్గాను.

"పట్టుకో. ఇప్పుడు తిప్పకపోతే ఇంగెప్పుడూ తిప్పవు."

"భయంగా ఉందన్నా."

"నిన్ను ఎత్తమనింది ఎవురు? బండి బరువు మోసేదానికి చక్రాలుండాయి. మనం ఆనిస్తే చాలు."

రాడ్డు అందుకుని తిప్పాను. మర చెక్కకు తగిలింది. అర తిప్పు తిప్పాను. "ఇంగ చెయ్యి తియ్," అన్నాడు. తీయడమే కష్టమైంది.

లోపల పుల్లమ్మ తల పట్టుకోవలసింది నేనే. కదలకూడదని గట్టిగా నొక్కిపట్టాను. నొక్కేకొద్దీ ఆమె బెదిరి మెడ బిగించి గింజుకుంది. "వదులమ్మా, సంపుతాండావా!" అంది. డాక్టరమ్మ సూది వెనక్కి తీసుకుంది. అప్పుడు కిటికీ బయట నుంచి, గొంతు పెంచకుండా, "సిస్టరమ్మా, ఎత్తుతాండావు," అన్నాడు దానమన్న.

చేతులు వదులు చేసి, అరచేతులు ఆమె చెంపలకు ఊరికే తగిలించి ఉంచాను. పుల్లమ్మ మెడ మెల్లగా మెత్తబడింది. పొట్టు సూది మొనకు వచ్చేసింది. ఆమె ఆ కన్ను తెరిచి మొదట చూసింది నన్నే. "నువ్వేనా నన్ను కింద పడేసినదానివి?" అంది. బయట మేం మాట్లాడుకున్నది ఆమె చెవిన పడిందన్నమాట. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి నాకు.

ఎనభైల చివర్లో దానమన్నకే కంటి పొర ముదిరింది. నంద్యాల ఆసుపత్రిలో ఆపరేషను. తల పట్టుకున్నది నేను. బండినంతా నిలబెట్టిన మనిషి కాలు దుప్పటి కింద గడగడా ఊగుతోంది. నేను ఆయన చెంపలకు చేతులు ఆనించాను, నొక్కలేదు. చాలాసేపటికి ఆ కాలు నెమ్మదించింది.

కట్టు కట్టాక అడిగాడు: "సిస్టరమ్మా, నా కాలేమన్నా ఊగెనా?"

"నీ కాలా? బండి ఊగిందేమో గానీ నువ్వు ఊగలేదన్నా," అన్నాను.

"యాడుంది ఈడ బండి?" అని నవ్వాడు. నా అబద్ధం ఆయనకు తెలిసిపోయింది. ఆ రోజు నా కోసం ఆడినదానికి ఇది బదులని కూడా తెలిసే ఉంటుంది. ఆయన పోయి చాలా కాలమైంది.

కింద జాకీ చప్పుడు ఆగింది. నా కాలు ఆగలేదు. మునుపైతే దాన్ని తిట్టుకుని రెండు చేతులతో అదిమిపట్టేదాన్ని. ఇప్పుడు మోకాలి మీద అరచెయ్యి ఊరికే పెడతాను. ఊగినంతసేపు ఊగనిస్తాను.