రెండో సాక్షి

బందరులో జాహిద్ గారి ప్రెస్సులో పదహారేళ్ళు అక్షరాలు పేర్చాను. మనిషి మంచివాడే, కానీ ఎన్నికలొచ్చాయంటే ఒట్టి మొండిఘటం. కరపత్రం వేయించుకునేవాడు డిక్లరేషన్ ఇవ్వాలి, అతన్ని స్వయంగా ఎరిగిన ఇద్దరు దానిమీద సంతకాలు పెట్టాలి. కాగితం అడుగున ప్రెస్సు పేరుండాలి. తేడా వస్తే ఆరు నెలల జైలు. మిగతా ప్రెస్సులవాళ్ళు దారినపోయేవాళ్ళ చేత సంతకాలు గీయించేవారు. ఈయన మాత్రం సాక్షుల్ని పిలిచి, "ఈయన మీకెలా తెలుసండీ?" అని అడిగేవాడు. బేరాలు పోతున్నాయని నేను గొణుక్కునేదాన్ని.

తొంభై తొమ్మిది ఎన్నికలప్పుడు, మిట్టమధ్యాహ్నం, యలమంద అనే ముసలాయన వచ్చాడు. దివిసీమలో సముద్రం ఒడ్డు పల్లె తమదన్నాడు. బయట ఎండ మండిపోతోంది. ఆయన భుజం మీద తువ్వాలు మాత్రం నీళ్ళు కారుతోంది. కరపత్రంలో రెండే మాటలు: "మళ్ళీ ఉప్పెన వస్తే మా పిల్లలు ఎక్కడికి ఎక్కాలి? ఓటడిగేవాళ్ళు చెప్పాలి." సాక్షిగా బుల్లెమ్మ అనే ఆవిడ వేలిముద్ర. ఆవిడ మెట్ల దగ్గరే నిలబడింది, లోపలికి రాలేదు.

"రెండో సాక్షి ఏరండీ?" అన్నాడు జాహిద్ గారు.

"ఇంకెవరూ దొరకలేదు బాబూ. తమరే పెట్టండి."

"మిమ్మల్ని నేనెరగనండీ."

నా నోరు ఊరుకోదు కదా. "పోనీ నేను పెడతానండీ."

"ఆయన నీకు తెలుసా అరుణా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. యలమంద మాత్రం కోప్పడలేదు. "ఎరిగినవాళ్ళు దొరికాకే వస్తాను" అని కాగితం మడుచుకుని వెళ్ళాడు. నేలమీద నీటిచుక్కలు ఆరి, తెల్లటి ఉప్పు మరకలయ్యాయి.

జాహిద్ గారికి మనసు నిలవలేదు. ఎన్నికలయ్యాక చల్లపల్లి మీదుగా బస్సుల్లో వెళ్ళి వెతికి వచ్చాడు. 

"అక్కడ ఆ ఊరే లేదు అరుణా. సర్కారు తుమ్మలు, వాటి మధ్య ఒక రాయి. డెబ్భై ఏడు ఉప్పెనలో పోయినవాళ్ళ పేర్లు చెక్కారు. యలమంద, బుల్లెమ్మ పక్కపక్కనే ఉన్నారు. అవతల కొత్త పాకలు వేసుకున్నారు, పిల్లలు ఆడుకుంటున్నారు. నీళ్ళొస్తే ఎక్కడానికి ఒక్క డాబా లేదు."

ఆ తర్వాత ఆయన ఎప్పుడు దివిసీమ మాట విన్నా, "ఎరగనన్నాను కదా" అనుకునేవాడు. రెండు వేల రెండులో గుండెపోటుతో పోయాడు. ఆయన భార్య ఖైరున్ బీ గారు ప్రెస్సు తాళాలు నాకిచ్చారు.

రెండు వేల నాలుగు ఎన్నికలు. అదే మధ్యాహ్నం వేళ, అదే తడి తువ్వాలు. యలమంద అయిదేళ్ళలో వెంట్రుకంత కూడా మారలేదు.

"ఇప్పుడు ఇద్దరూ ఉన్నారమ్మా."

డిక్లరేషన్ అందుకున్నాను. బుల్లెమ్మ వేలిముద్ర. దాని కింద, పదహారేళ్ళు నా జీతం చీటీల మీద చూసిన సంతకం. కింద గీత, గీత కింద రెండు చుక్కలు. సిరా ఇంకా తడిగానే ఉంది.

భయమేసింది, అబద్ధమెందుకు? అయినా ఆ ప్రెస్సులో అడగకుండా ఉండలేను.

"ఈ సంతకం చేసినాయన మీకెలా తెలుసండీ?"

"ఇప్పుడు మా ఊళ్ళోనే ఉంటున్నారమ్మా. బయటే ఉన్నారు, పిలవమంటారా?"

మెట్ల దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు. ప్రూఫు దిద్దడానికి కూర్చునే ముందు జాహిద్ గారు అలాగే సవరించుకునేవాడు. నాకు ఏడుపొచ్చింది.

"వద్దండీ" అన్నాను.

అక్షరాలు పేర్చాను. అడుగున ప్రెస్సు పేరు పెట్టాను. రూలు ప్రకారం డిక్లరేషన్, కరపత్రాలు కలెక్టరాఫీసుకి నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను. రేపు పిలిచి అడిగితే, రెండో సాక్షి నాకు బాగా తెలుసని చెబుతాను.