ఏడో రోజు చూడని కాలు

ఆగస్టు పన్నెండు, 1998. తొమ్మిది బిందెల నీళ్లు పట్టాను. ముసురు వదలలేదు కాబట్టి కందిపప్పు ఎండబెట్టకుండా చెరిగి డబ్బాకెత్తాను. పాప బడి బట్టలు ఇస్త్రీ చేశాను. పదకొండు గంటలకు మా వీధి బేకరీ నడిపే తమ్ముడు తడిసిన సైకిల్ మీద వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అక్కా, కాకా పోయిండు. పొద్దుగాల చాయ్ తాగి గోడకు ఒరిగిండట. గంతే."

ఆ తర్వాత ఆ రోజు పనులేవీ రాసుకోలేదు.

కాకా మాకు చుట్టం కాదు. చంద్రపూర్‌లో మా కిరాణా దుకాణానికి నాలుగిళ్ల అవతల రెండు గదుల్లో పని చేసేవాడు. సాస్తి బొగ్గు గనిలో కాలు పోయినవాళ్లకు కొయ్యకాళ్లు, పోలియో వచ్చిన పిల్లలకు కాలిని నిలబెట్టే ఇనుప క్యాలిపర్లు ఆయన చేతి మీద తయారయ్యేవి. తోలు పని తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. నాలుగేళ్లుగా ఆయన తనదని చెప్పుకున్న ఒక తప్పులో సగం నాది. ఆయనను తలుచుకుంటూ ఆ సంగతి దాచిపెట్టలేను.

మా పాపకు ఏడాదిన్నర వయసులో పోలియో వచ్చింది. కుడి పాదం వేలాడేది. కాకా చేసిన ఇనుప క్యాలిపర్‌ను బూటుతో సహా ఒకసారి దుకాణం కాటా మీద పెట్టి చూశాను. కిలోకు యాభై గ్రాములు తక్కువ. తొమ్మిదేళ్ల పిల్ల దాన్ని ఈడ్చుకుంటూ బడికి వెళ్లేది. కొత్త పట్టీ కుట్టినప్పుడల్లా పాప కుట్లను వేలితో తడిమి చూసేది. కాకా దాన్ని ఇన్‌స్పెక్టర్ మేడం అని పిలిచేవాడు. "పాస్ చేసినట్టేనా మేడం? సంతకం పెట్టుండ్రి మరి," అని చెవి సందులోంచి నీలం పెన్సిల్ తీసి ఇచ్చేవాడు.

ఆ రోజుల్లోనే నాగపూర్‌లో ప్లాస్టిక్ క్యాలిపర్ పని నేర్పుతున్నారని ఆయనకు తెలిసింది. యాభై ఏడేళ్ల వయసులో వెళ్లి, కుర్రవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. కాలికి తడి ప్లాస్టర్ పట్టీ చుట్టి అచ్చు తీయాలి. ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి కాలి బొమ్మ చేయాలి. వేడికి మెత్తబడిన ప్లాస్టిక్ రేకును ఆ బొమ్మ మీద కప్పాలి. రేకు వేడి చేయడానికి ఆయన దగ్గర పొయ్యి లేదు. బన్నులు దిగాక పొయ్యి ఇమ్మని బేకరీ తమ్ముడిని అడిగాడు.

"కాకా, నీ కాలు ఎంతసేపు కాల్చాలె? బన్ను లెక్కనా, టోస్ట్ లెక్కనా?"

"అద్దం లెక్క అవతలిది కనబడేదాక. గప్పటిదాక నోరు మూస్కో."

"రేపు నా బన్నులు వాసనొస్తే గిరాకీలను నీ ఇంటికే తోలిస్త."

పాపకు ప్లాస్టర్ చుట్టేటప్పుడు నీళ్లు గోరువెచ్చగా కాచి, ముందు తన మోచేతి మీద పోసి చూసుకున్నాడు. తయారైన క్యాలిపర్ పావుకిలో కూడా లేదు. మామూలు కాన్వాస్ బూటులో పట్టింది. పాప తన రెండు కాళ్లకూ ఒకేలాంటి బూట్లు తొడుక్కోవడం అదే మొదలు.

"తోలు నాలుగు దినాలల్ల కాలు మాట ఇంటది," అన్నాడు కాకా. "ప్లాస్టిక్ ఇనదు. మనమే ఇనాలె. పది దినాలు, ఇప్పినప్పుడల్లా నీ కండ్లతోని చూడు బిడ్డా. ఎర్ర మచ్చ పోకపోతే ఎంటనే నా దగ్గరికి తీస్కరా."

నేను పుస్తకంలో గీతలు గీశాను: రోజు, ఎంతసేపు తొడిగింది, మచ్చ. ఆరు రోజులు చూసి రాశాను. ఏడో రోజు గోండ్‌పిప్రి నుంచి బియ్యం లారీ వచ్చింది. ఇంటాయన ఊళ్లో లేరు. బస్తాలు లెక్కపెడుతూనే అడిగాను.

"మచ్చ ఉన్నదా పాపా?"

"లేదమ్మా."

‘లేదు’ అని రాశాను. తర్వాతి మూడు రోజులూ అంతే. పదకొండో రోజు మేజోడు చీలమండకు అంటుకుపోయి ఊడి రాలేదు. లోపల పుండు. మచ్చ సంగతి చెబితే మళ్లీ ఇనుము తొడుగుతారని పాప దాచింది.

ఆ క్యాలిపర్‌ను తీసుకుపోయి, నలుగురూ ఉండగానే కాకా బల్ల మీద విసిరాను. "నా బిడ్డ కాలు మీద నేర్చుకుంటున్నవా కాకా? గిదేనా నీ నాగపూర్ చదువు?"

ఆయన దాని లోపల చీలమండ దగ్గర వేలు పెట్టి చూశాడు. "ఎముక కాడ జాగ ఇడువలే. నాదే తప్పు." నా వైపు తిరిగి అడిగాడు. "రోజూ చూసినవా బిడ్డా?"

"చూసిన. రాసిన గూడ," అని పుస్తకం ముందుకు తోశాను.

పది వరుసల మీదా వేలు నడిపి మూసేశాడు. "నువ్వు రాసినవంటే చూసినట్టే."

చాలా నెలలు ఆయన ప్లాస్టిక్ ముట్టలేదు. ముసలోడికి కొత్త పని ఎందుకని బజారులో నవ్వారు. పాప మళ్లీ ఇనుప బూటు ఈడ్చింది. తర్వాత ఆయన నాగపూర్ మళ్లీ వెళ్లి అడిగి వచ్చి, రెండోది చేశాడు. అది సరిగ్గా కుదిరింది. కానీ మొదటి కాలి బొమ్మను పారేయలేదు. చీలమండ చుట్టూ నీలం పెన్సిల్‌తో సున్నా చుట్టి గుమ్మం పక్క అల్మారాలో పెట్టాడు. కొత్తగా వచ్చిన ప్రతి తల్లికీ చూపించేవాడు.

"గిది నా తప్పు. ఆ తల్లి రోజూ చూసింది. అయినా పుండైంది."

పట్టీలు బాగు చేయించుకోవడానికి వెళ్లి ఆ మాట ఎన్నోసార్లు విన్నాను. విన్నప్పుడల్లా మేకుల డబ్బా వైపు చూస్తూ కూర్చున్నాను. మొన్న ఎండాకాలం రాజురా నుంచి వచ్చిన ఒకామె, "చూసినా పుండైతే ఇగ చూసుడెందుకు?" అంది. కాకా ఆ బొమ్మను తిరిగి అల్మారాలో పెట్టాడు. జవాబు నా దగ్గర ఉంది. నోరు విప్పలేదు.

కాకా పోయిన పదకొండో రోజున పాపతో కలిసి ఆయన పని గదులకు వెళ్లాను. కాకా చేత కాళ్లు చేయించుకున్నవాళ్లు, పిల్లల తల్లులు ముందు గదిలోనే కూర్చున్నారు. రాజురా ఆమె కూడా పిల్లను ఒళ్లో పెట్టుకుని ఉంది. అల్మారాలోంచి ఆ కాలి బొమ్మ దించి, కాకా భార్య ముందు ఆనాటి మచ్చల పుస్తకం తెరిచాను.

"చిన్నమ్మా, కాకా అబద్ధం చెప్పలే. నేను చెప్పిన అబద్ధం నమ్మిండు. గీ నాలుగు దినాలు నేను కాలు చూడలే."

పాప నా కొంగు లాగింది. "మచ్చ లేదన్నది నేనే కదమ్మా."

"నువ్వు అన్నవు. రాసింది నేను."

చిన్నమ్మ ఆ బొమ్మ మీద చేయి వేసి ఉంచింది కానీ నా వైపు చూడలేదు. రాజురా ఆమె ఒళ్లోని పిల్ల క్యాలిపర్ పట్టీ విప్పి, మేజోడు కిందికి లాగి, చీలమండ మీదికి వంగింది.

కాకా బల్ల మీద నీలం పెన్సిల్ ఇంకా ఉంది. నాలుగు వరుసలు కొట్టేసి ‘చూడలేదు’ అని నాలుగుసార్లు రాశాను. పుస్తకాన్ని ఆ ప్లాస్టర్ కాలి పక్కన, అదే పేజీ తెరిచి పెట్టి వచ్చాను. ఆ పేజీ అడుగున నేను రాసి వచ్చిన ఒక్క వరుస ఉంది: కాకాకు నా బాకీ, చెల్లు.