పళ్ల మధ్య దారం

మొఘల్‌పురాలో మా పక్కింటి ఖాలా ఒంటిమీదున్న బట్టను కుడితే, తొడుక్కున్నవాళ్లు పళ్ల మధ్య దారప్పోగు పట్టుకోవాల్సిందే. లేకుంటే ప్రాణానికి కీడని ఆమె భయం.

ఆఫీసు నాటకంలో నాది గ్రహాంతరవాసి వేషం. నా గ్రహపాటు! సినిమాల్లో అలాంటి దుస్తులకు గుండీలే కనబడవని నేను పట్టుబట్టడంతో, ఖాలా నా పళ్ల మధ్య దారం పెట్టి, నేను తొడుక్కుని ఉండగానే వీపు దగ్గర కుట్టేసింది. ముఖమంతా కప్పేసే రేకు టోపీ పెట్టి, దాని గుడ్డ అంచును మెడ చుట్టూ కలిపి కుట్టింది.

లోపల ఊపిరాడలేదు. నా గుండె చప్పుడు నాకే డప్పులా వినబడింది.

"దారం ఉందా బేటా?"

అది ఎప్పుడో జారిపోయింది. రెండు చేతులా రేకు టోపీని బాదాను.

"యా అల్లా!" ఖాలా కత్తెర తీసి, నెలంతా కుట్టినదాన్ని మెడ నుంచి నడుందాకా కత్తిరించేసింది.

"సినిమాలెక్క ఉండకుంటే ఏమాయె? నువ్వుండాలె గదరా!"

నా ఊపిరి కుదుటపడేదాకా, కిందపడ్డ ఆ దారాన్ని తన పళ్ల మధ్య పట్టుకుని కూర్చుంది.