తొంభై ఆరు రాళ్లు

తాండూరులో మా ఆడపిల్లల బడికి మట్టినేల ఉండేది. ఆ నేలను ప్రతి శనివారం పేడతో అలకాలి. అలికేది మేమే. మధ్యాహ్నం బువ్వ తిని వచ్చాక సాయంత్రం గంట కొట్టేదాకా, రెండు గంటలు, ముప్పై ఒక్క మందిమి లంగాలు ఎగదోపుకొని పనిలోకి దిగేవాళ్లం. అదే సమయంలో రోడ్డు అవతల మగపిల్లల బడిలో లెక్కలు చెప్పేవారు. నేను ఒకసారి లెక్క కట్టాను. ఏడాదిలో బడి ఉండే శనివారాలు నలభై. నలభై రెళ్లు ఎనభై. వాళ్లకు ఎనభై గంటల లెక్కలు, మాకు ఎనభై గంటల పేడ.

1948లో పోలీసు చర్య నాటికి నాకు రెండేళ్లు. నేను చెబుతున్నది 1958 సంగతి కాబట్టి అప్పుడు పన్నెండు. మా బడిలో ఏడో తరగతి వరకే ఉండేది, నేను అందులోనే ఉన్నాను. ఆ పైన చదవాలంటే వికారాబాద్ పోయి హాస్టల్లో ఉండాలి. ముందటేడు ఏడో తరగతి పరీక్ష రాసిన ఇద్దరు ఆడపిల్లలూ లెక్కల్లోనే తప్పారు. మా నాయన ముందే చెప్పాడు: "పాసైతె వికారాబాద్ తోలిస్త బిడ్డా. తప్పితె మీ అమ్మతోటి గనికి రావాలె. గంతే."

నాయన నాపరాళ్ల గనిలో రాయి పగలగొట్టేవాడు. అమ్మ అక్కడే రాళ్లు మోసేది. మా ఊరి రాయి రైలెక్కి బొంబాయి దాకా పోతుంది, మేము మాత్రం పేడ అలుకుతున్నాం. ఈ మాట టీచరమ్మతో అంటే ఆమె నవ్వి, "నేల మీద రాయి ఉంటే శనివారం లెక్కలే చెప్తును. తెస్తవా మరి?" అంది.

నవ్వుతూ అన్న మాటే, కానీ నేను పట్టుకున్నాను. మరునాడే నాయన వెంట గనికి వెళ్లి దాని యజమాని సేటు ముందు నిలబడ్డాను. చెక్కడం అయిపోయాక మూల విరిగిన రాళ్లు బండెక్కవని నాకు తెలుసు. అవి ఒక పక్కన గుట్టగా పడి ఉండేవి.

"సేట్‌సాబ్, గా మూలలు పోయిన రాళ్లు మా బడికి ఇయ్యరాదు?"

నాయన నా భుజం గిల్లాడు. సేటు మాత్రం నన్ను కిందినుంచి మీదికి చూశాడు. "ఎన్ని గావాలె?"

"మస్తు కావాలె."

"మస్తు అంటె లెక్క గాదు. అందరు గట్లనే జర ఇయ్యుమంటరు, మల్ల మల్ల వస్తరు. సరింగ ఎన్నో చెప్పు, ఇస్త. తక్కువ పడ్డయని మల్ల నా తానికి రావద్దు."

రాయి ఒకటిన్నర అడుగు చదరం. ఇంట్లో మూలకు నాయన కొలతకర్ర ఉంది, అది ఒక రాయి పొడవు. ఆదివారం దాన్ని తీసుకుపోయి గది కొలిచాను. పొడుగు పన్నెండు కర్రలు, అడ్డం ఎనిమిది. రెండుసార్లు కొలిచాను, రెండుసార్లూ అంతే వచ్చింది. పన్నెండు ఎనిమిదులు తొంభై ఆరు. పలక మీద రాసి సేటుకు చూపించాను. ఆయన తొంభై ఆరు రాళ్లు ఎంచి బండెక్కించాడు.

ఆ దసరా సెలవుల్లో నేల పరిచారు. నాయన, ఇంకో ఇద్దరు పిల్లల తండ్రులు సున్నం కలిపారు. తల్లులు రాళ్లు అందించారు. అమ్మ తలమీది రాయి దించుతూ, "ఊరోళ్లందరి ఇండ్లకు మోసిన. నా బిడ్డ కూసునేతందుకు మోసుడు గిదే మొదలు" అంది. రాళ్ల మీద నీళ్లు చల్లితే నీలంగా మెరిశాయి.

ఆఖరి వరుస పడింది. రాళ్లు అయిపోయాయి, గోడ మాత్రం రాలేదు. ఒక గోడ పక్కన నాయన చేతి జానెడు మట్టి మిగిలింది, ఇంకో గోడ పక్కన ఎనిమిది వేళ్ల వెడల్పు.

"దేంతోటి కొలిచినవే?" అన్నాడు నాయన.

"నీ కర్రతోటే."

ఆయన తాపీ కింద పడేసి, కడుపు పట్టుకొని నవ్వాడు. "అది రాయి పగలగొట్టే కర్ర, పిల్లా! అంచులు చెక్కితె పోతదని ఒక ఏలు ఎక్కువ వెట్టుకుంటం. చెక్కినంక రాయి గంత ఉంటదా?"

కర్రకు ఒక వేలు. పన్నెండు కర్రలకు పన్నెండు వేళ్లు, అంటే జానెడు. ఎనిమిదింటికి ఎనిమిది. తప్పు కూడా లెక్క ప్రకారమే వచ్చింది. కానీ సేటు మళ్లీ రావద్దన్నాడు. ఇక శనివారాలు మళ్లీ పేడకే పోతాయని ఏడుపొచ్చింది.

టీచరమ్మ ఆ మట్టి పట్టీ వెంట ఒక చివరి నుంచి ఇంకో చివరికి నడిచింది. "గీ జానెడు అలుకుతందుకు ఇద్దరు పిల్లలకు ఎంతసేపు వడ్తది?"

"పావుగంట, టీచరమ్మా."

"మరి తక్కినోళ్లకు?"

"లెక్కలు!" అని నాకంటే ముందు వెనకనుంచి ఎవరో అరిచారు. అందరూ నవ్వారు.

సెలవులయ్యాక మొదటి శనివారం పట్టీ అలికింది నేనే, తప్పు నాది కాబట్టి. చేతులు కడుక్కొని వచ్చేసరికి టీచరమ్మ బోర్డు మీద మా గదే వేసి ఉంచింది: కర్రకు ఒక వేలు ఎక్కువైతే గోడ దగ్గర ఎంత ఖాళీ? ముప్పై ఒక్క మందిమీ చేశాం. తర్వాత ఒక రోజు సేటు చూడటానికి వచ్చాడు.

"తక్కువ వడ్డయి గదా?" అన్నాడు మీసంలో నవ్వుతూ.

"వడ్డయి సేట్‌సాబ్. అయినా మీ తానికి మల్ల రాలె గదా!"

ఆ ఏడు మా బడి నుంచి ఆరుగురం పరీక్ష రాశాం. ఐదుగురం పాసయ్యాం. నాకు లెక్కల్లో డెబ్బై ఒకటి.

తాండూరు స్టేషన్‌లో నాయన నా చేతిలో ఒకటిన్నర అడుగుల కొత్త చెక్క స్కేలు పెట్టాడు. "ఇది చెక్కినంక కొలత. నా కర్ర ముట్టకు ఇగ" అన్నాడు. వికారాబాద్ హాస్టల్లో పెట్టె దించగానే కిందికి చూశాను. మా ఊరి రాయే. స్కేలు తీసి కొలిచాను. సరిగ్గా ఒకటిన్నర అడుగు. వరుస వెంట గోడ దాకా వెళ్లాను. ఖాళీ లేదు.